ఆటస్థలంలో వడ్లు ఎంతమేరకు?

యాసంగి కోతలు, బడిపిల్లల ఎండకాలం సెలవులు ఒక్కసారే వస్తాయి. ఊర్లో ఉన్న ఒక్క ఆటస్థలానికి ఆ రెండు నెలలే గిరాకీ ఎక్కువ. పిలగాండ్లకు వాలీబాల్ కావాలి, కోత మిషన్ నుంచి దిగిన పచ్చి వడ్లకు చోటు కావాలి. పెద్దవంగర మండలంలోనే కాదు, వరి పండే ఏ పల్లెలోనైనా ఉన్న పేచీయే ఇది.

2022 జూన్‌లో పల్లెప్రగతితో పాటు రాష్ట్ర ప్రభుత్వం ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలు మొదలుపెట్టింది. ఎకరం అటూఇటుగా సర్కారు జాగా చూసి, ఉపాధి హామీ పనులతో చదును చేయించి, వాలీబాల్, ఖోఖో, కబడ్డీ కోర్టులు గీయించారు. వ్యాయామానికి ఇనుప కడ్డీలు పాతి, చుట్టూ మొక్కలు పెట్టించారు. కొన్ని ఊర్లకు ఇండ్ల నడుమ మంచి జాగానే దొరికింది. ఇంకొన్ని చోట్ల మాత్రం ఊరికి దూరంగా గుట్ట పక్కనో, చెరువు శిఖం అంచునో బోర్డు పాతి చేతులు దులుపుకున్నారు. అక్కడికి పొద్దుగూకినంక పిల్లల్ని ఎవరు పంపుతారు? తుమ్మలు, గడ్డి మొలిచాయంటే తప్పు పిల్లలది కాదు.

ఆడేవాళ్లున్న ఊర్లోనే వడ్ల తకరారు వస్తుంది. కోపతాపాలు పక్కనబెట్టి ఒక లెక్క చూద్దాం. కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. వాలీబాల్‌ది 18, 9. ఖోఖోది 27, 16. మూడూ కలిపితే 724 చదరపు మీటర్లు, అంటే 7 గుంటల పైచిలుకు. ఆటగాళ్లు తిరగడానికి చుట్టూ అంతే జాగా వదిలినా 15 గుంటలు దాటవు. ఎకరంలో 40 గుంటలున్నాయి కదా.

ఇక వడ్ల సంగతి. ఎకరాకు 25 క్వింటాళ్ల దిగుబడి అనుకుందాం. రెండంగుళాల మందాన పరిస్తే దాదాపు గుంట జాగా పడుతుంది. మనిషి నడవడానికి, కుప్ప చేయడానికి ఇంకో గుంట అనుకున్నా, పది గుంటల్లో ఒక్క విడతకు ఐదెకరాల పంట ఆరుతుంది. మందంగా పోస్తే జాగా కలిసొస్తుందని కొందరనుకుంటారు. పైన ఎండి కింద చెమ్మ ఉంటుంది, నాలుగు రోజులు ఎక్కువ పడుతుంది. పలుచగా పోసి, గంటకోసారి కాళ్లతో చాళ్లు తీసుకుంటూ తిరగేస్తే మంచి ఎండకు తొందరగా ఆరతాయి.

కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటొద్దు. మట్టిపెళ్లలు, రాళ్లు 1 శాతం మించొద్దు. ఉత్త నేల మీద పోస్తే తేమ తగ్గినా మట్టి కలిసి కాంటా దగ్గర పేచీ తప్పదు. కనుక ఆటస్థలంలో పోసేవాళ్లు పరదా పరవకుండా పోయొద్దు. పరదా వల్ల నేలకూ మేలే. నూగు, తాలు, గడ్డి ముక్కలు మట్టిలో కలిస్తే కబడ్డీ ఆడే పిల్లల ఒళ్లంతా దురద. మిరప తోట ఉన్నవాళ్లు మాత్రం కాయలు అక్కడ ఆరబెట్టొద్దు. ఆ ఘాటు, కాయ మీది మందుల దుమ్ము పిల్లల కండ్లల్లో పడితే మాట పడాల్సింది మనమే.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ట్రాక్టర్. వానపడ్డ మర్నాడు లోడుతో లోపలికి పోతే పడే గాడి ఎండినంక రాయిలా అవుతుంది. లాంగ్‌జంప్‌కు ఉరికే పిలగాని కాలు మడతపడేది అక్కడే. బండిని గేటు దగ్గరే ఆపి, బస్తాలు మోసుకుంటే నాలుగు కైకిళ్లు ఎక్కువైనా కోర్టు దక్కుతుంది.

అసలు ఎవరి పొలం దగ్గర వాళ్లకు కల్లం ఉంటే ఈ తిప్పలే లేదు. ఉపాధి హామీ కింద సిమెంటు కల్లాలు కొన్ని అయ్యాయి. 2022 చివర్లో వాటికి పెట్టిన రూ.151 కోట్లు తిరిగి కట్టాలని కేంద్రం అడగడంతో రెండు సర్కార్ల మధ్య పంచాయితీ నడిచింది. రెండెకరాల రైతు మాత్రం రోడ్డు మీదికే పోయాడు. చీకట్లో వడ్ల కుప్ప కనబడక బైకుల మీద పడ్డవాళ్లెందరో. రోడ్డుతో పోలిస్తే ఆటస్థలంలో ఒక మూల నయమే.

ఆ మూల ఏదో గ్రామసభలో రాయించుకోవాలి. సొంత కల్లం లేని సన్నకారు రైతుకు ముందు వంతు, ఒక్కొక్కరికి నాలుగైదు రోజులు, సాయంత్రం కోర్టులు ఖాళీ, బతుకమ్మ రోజుల్లో మొత్తం జాగా ఆడవాళ్లకే. ఇట్లా నాలుగు మాటలు తీర్మానంలో ఉంటే చాలు. పెద్ద రైతు పది ట్రాక్టర్లు దింపి నెలరోజులు ఆక్రమిస్తే అడిగేందుకు ఆ కాగితమే ఆధారం. 2025 డిసెంబరులో ఎన్నికైన పాలకవర్గాల ముందు ఈ మాట పెట్టొచ్చు.

హద్దురాళ్లు కూడా ఇదే అదనుగా చూసుకోండి. ఊరుమ్మడి జాగాల్లో కబ్జాలు తొలగించాలని 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఏటా ఒక సాలు లోపలికి జరిగే పక్క చేను ఉంటే, సర్వేయర్‌తో కొలిపించి రాళ్లు పాతించాలని పంచాయతీకి దరఖాస్తు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి.