పెన్‌డ్రైవ్ లినక్స్‌లో కాలమండలం నిలిచేదెలా?

మీరు ఖరగ్‌పూర్‌లో ఉన్నారనుకోండి. అక్కడ సూర్యుడి లెక్క మన ప్రామాణిక కాలం కంటే సుమారు 19 నిమిషాలు ముందుంటుంది. ఎందుకంటే ఆ కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. ఖరగ్‌పూర్ దాదాపు 87.3 డిగ్రీల వద్ద ఉంది. అంటే కాలమండలం మనం ఒప్పుకున్న నియమం. కంప్యూటరుకూ ఆ నియమాన్ని రాసిపెట్టాలి.

లినక్స్‌లో 'ఈటీసీ' డైరెక్టరీలోని 'లోకల్‌టైమ్' లింకు 'ఆసియా/కోల్‌కతా'ను చూపాలి. కానీ పెన్‌డ్రైవ్‌పై నడిచే లైవ్ లినక్స్‌లో మూలవ్యవస్థ చదవడానికి మాత్రమే వీలైనది. మీ మార్పు ర్యామ్‌లో ఉండి, కంప్యూటర్ ఆపగానే పోతుంది. గడియారం మళ్లీ అయిదున్నర గంటలు వెనక్కి వెళ్లవచ్చు. ఫ్యాట్ పద్ధతి డిస్కులో ఫైలు వేళ స్థానిక కాలంలోనే నమోదవుతుంది. కనుక రెండు ప్రతుల్లో ఏది కొత్తదో పొరబడి, తాజా పాఠాన్ని పాతదానితో చెరిపేసే ప్రమాదం ఉంది.

డెబియన్ లైవ్‌లో నివారణ ఇది. పెన్‌డ్రైవ్ ఖాళీ స్థలంలో 'పర్సిస్టెన్స్' పేరుతో ఒక విభాగం చేయండి. అందులో 'పర్సిస్టెన్స్.కాన్ఫ్' అనే ఫైలు పెట్టి, '/ యూనియన్' అని ఒక పంక్తి రాయండి. బూట్ పంక్తికి 'పర్సిస్టెన్స్' పదం చేర్చండి. ఈ పేర్లన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే ఉండాలి. అలా ప్రారంభించాక కాలమండలం ఎంచుకోండి. ఒకసారి ఆపి, మళ్లీ ప్రారంభించి చూడండి. వేళ సరిగ్గా ఉంటే మార్పు నిలిచినట్లే.