కెరీర్ ఫెయిర్‌లో బల్లకు ఇవతలి నుంచి

దుబాయ్ అకడమిక్ సిటీలో బిట్స్ పిలానీ, మణిపాల్, అమిటీ లాంటి మన దేశపు విద్యాసంస్థల క్యాంపస్‌లు ఉన్నాయి. పక్కనే షార్జాలోనూ పెద్ద యూనివర్సిటీలున్నాయి. వీటిలో చదివే తెలుగు పిల్లలు తక్కువేమీ కాదు. ఏడాదికోసారి కంపెనీలను పిలిచి, హాల్లో బల్లలు వేయించి కెరీర్ ఫెయిర్ పెడుతుంటారు. ఆ బల్లల వెనక కూర్చునే వాళ్లలో అప్పుడప్పుడు మాలాంటి సైట్ సూపర్‌వైజర్లం కూడా ఉంటాం. కంపెనీ నుంచి హెచ్ఆర్ మేడమ్, ఓ ప్రాజెక్ట్ ఇంజినీరు బయల్దేరితే, సైటు సంగతులు చెప్పడానికి మాలో ఒకరిద్దరిని వెంటబెట్టుకుని పోతారు.

మేము చదివింది పాలిటెక్నిక్ డిప్లొమా. మా చదువు అయ్యేనాటికి ఇలాంటి ఫెయిర్ ఏదీ మా ముఖం చూడలేదు. పేపర్లో ప్రకటన చూసి, ఏజెంటు చుట్టూ తిరిగి, ముంబైలో ఇంటర్వ్యూ ఇచ్చి, అప్పు తెచ్చి విమానం ఎక్కిన బాపతు మేము. ఇక్కడి పిల్లలకు కంపెనీలే కాలేజీకి నడిచి వస్తున్నాయి. పైసా ఖర్చు లేదు. ఆ రోజును ఎలా వాడుకోవచ్చో మాకు కనిపించినంత వరకు చెబుతాం.

చాలామంది పిల్లలు హాల్లోకి రాగానే ఒక చివర నుంచి మొదలుపెట్టి ప్రతి బల్ల దగ్గరా ఒక సీవీ ఇచ్చి, పెన్నో సంచో తీసుకుని పోతారు. "ఏదైనా వేకెన్సీ ఉందా సార్?" అని అడుగుతారు. "వెబ్‌సైట్‌లో అప్లై చేయండి" అని జవాబు వస్తుంది. మర్యాదగా పంపించేయడమన్న మాట అది. మధ్యాహ్నానికి సీవీలు గుట్టగా పేరుకుంటాయి. అన్నిట్లోనూ అదే ఆటోక్యాడ్, అదే "కష్టపడి పనిచేస్తాను". ఎవరి ముఖం ఏ కాగితానిదో మాకు గుర్తుండదు.

గుర్తుండేది అడిగిన ప్రశ్న. ఒకసారి సివిల్ మూడో ఏడు చదివే ఒక అమ్మాయి వచ్చింది. ఇక్కడ ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఎండలో పనిచేసేవాళ్లకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు విరామం ఇవ్వాలన్న నిబంధన ఉంది కదా. "మరి ఆ మూడు నెలలూ పెద్ద స్లాబులు ఎప్పుడు పోస్తారు?" అని అడిగింది. అంతదాకా బల్ల చివర ఊరికే కూర్చున్న మాకు ప్రాణం లేచొచ్చింది. ఎక్కువగా రాత్రిపూటే పోస్తామని, కాంక్రీటు వేడెక్కకుండా ప్లాంటులో చల్లటి నీళ్లు, ఐసు కలుపుతారని, ట్రక్కు రాగానే టెంపరేచర్, స్లంప్ చూస్తామని, క్యూబులు తీసి 7 రోజులకు, 28 రోజులకు పగలగొట్టి బలం చూస్తారని చెప్పుకుంటూ పోయాం. ఆ అమ్మాయి నోటుపుస్తకంలో రాసుకుంది. ఆమె వెళ్లాక ప్రాజెక్ట్ ఇంజినీరు ఆ సీవీని గుట్టలోంచి తీసి విడిగా పెట్టాడు. వాళ్ల నాన్న కూడా ఇక్కడే ఫోర్‌మన్ అనీ, ఉద్యోగం మారినప్పుడు వచ్చిన గ్రాట్యుటీ అంతా ఆమె ఫీజుకే పోయిందనీ తర్వాత తెలిసింది.

ఇలాంటి ప్రశ్న అప్పటికప్పుడు పుట్టదు. ఏ కంపెనీలు వస్తున్నాయో కాలేజీ కెరీర్ ఆఫీసులో ముందే అడిగి తెలుసుకోవాలి. నాలుగైదింటిని ఎంచుకుని, అవి ఇప్పుడు ఏ పని చేస్తున్నాయో ముందు రోజు రాత్రి చూసుకుంటే చాలు. ముప్ఫై బల్లలూ తిరిగే పని లేదు. కొంచెం రద్దీ తగ్గాక రావడం కూడా మంచిదే.

ఇంకో సంగతి. పిల్లలంతా సూటు వేసుకున్న వాళ్ల ముందే వరుస కడతారు. మా వైపు చూడరు. జీతం, వీసా లాంటివి హెచ్ఆర్ వాళ్లకే తెలుసు, నిజమే. కానీ ఏ సైటులో మనుషులు తక్కువ పడుతున్నారో, కొత్త టవర్ ఎప్పుడు మొదలవుతుందో, ట్రైనీని నిజంగా సైటులో తిప్పుతారో లేక ఫొటోకాపీ మిషన్ దగ్గర నిలబెడతారో మాకు తెలుసు. తెలుగువాళ్లమని పట్టేసి "అన్నా" అంటే మాకూ సంతోషమే. అయితే ఆ పిలుపు తర్వాత "ఎలాగైనా ఉద్యోగం ఇప్పించు" అనొద్దు, ఇప్పించడం మా చేతిలో లేదు.

ఆఖరి ఏడాది దాకా ఆగొద్దని మా మాట. రెండో ఏడు, మూడో ఏడు పిల్లలు వేసవి ట్రైనింగ్ కోసం రావాలి. విద్యార్థులను తీసుకోవడానికి ఇక్కడి మానవ వనరుల శాఖ ప్రత్యేకంగా పర్మిట్ ఇస్తుంది. "మీ కంపెనీ ఆ పర్మిట్ తీస్తుందా?" అని మొహమాటం లేకుండా అడగండి. పర్మిట్ లేకుండా సైటులో అడుగు పెట్టొద్దు.

వీసా లెక్క ఇంట్లో కూర్చుని ముందే వేసుకోవాలి. 2022 అక్టోబరు నుంచి మగపిల్లలను 25 ఏళ్ల దాకా తండ్రి వీసా మీద ఉంచుకోవచ్చు. పెళ్లికాని ఆడపిల్లలకు వయసు అడ్డు లేదు. అయినా తండ్రి ఉద్యోగం పోతే ఇంటిల్లిపాది వీసాలకూ ఎసరే. మా క్యాంపుల్లో, మా బిల్డింగుల్లో ఎన్ని ఇళ్లు అలా సర్దుకుని ఊరికి వెళ్లిపోయాయో చూశాం. అందుకే ఆ ఒక్క పూట ఫెయిర్‌ను తమాషాగా తీసుకోవద్దంటున్నాం.

కొన్ని బల్లలు ఎమిరాతీ యువత కోసమే ఉంటాయి. 50 మంది, ఆపైన ఉద్యోగులున్న ప్రైవేటు కంపెనీలు నైపుణ్యం అవసరమైన ఉద్యోగాల్లో స్థానికుల వాటాను ఏటా 2 శాతం పెంచాలన్న నిబంధన 2022లో వచ్చింది. వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో జరిగే రుయా మేళా కూడా వాళ్ల కోసం పెట్టిందే. మొదటి మాటలోనే "మాకు అవకాశం ఉందా?" అని అడిగేస్తే ఇద్దరికీ టైము మిగులుతుంది.

హాలు బయట కార్డు చేతిలో పెట్టి, ఇంత కడితే ఉద్యోగం ఖాయమనే వాళ్లూ తగలొచ్చు. 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టం ప్రకారం ఉద్యోగంలోకి తీసుకునే ఖర్చులు పనివాడి దగ్గర వసూలు చేయకూడదు. ఏజెంటుకు కట్టిన అప్పు తీర్చడానికే మాకు రెండేళ్ల జీతం పోయింది. మీరు ఒక్క దిర్హమ్ కూడా ఇవ్వొద్దు.

ఫెయిర్ అయిపోయాక సీవీలన్నీ అట్టపెట్టెలో పడి ఆఫీసుకు పోతాయి. ఆ పెట్టె ఎప్పుడు తెరుస్తారో మాకూ తెలియదు. కాబట్టి మాట్లాడిన మనిషి పేరు, ఈమెయిల్ అడిగి తీసుకుని, రెండు రోజుల్లోపు నాలుగు వాక్యాలు రాయండి. ఏ రోజు కలిశారో, ఏం అడిగారో గుర్తు చేసి సీవీ జత చేయండి. శుక్రవారం మధ్యాహ్నం తర్వాత ఆఫీసుల్లో ఎవరూ చూడరు, ఆ లోపే పంపండి. సైటు ఇంజినీరుకైతే శనివారం పంపినా ఫర్వాలేదు, ఆ రోజూ మాకు డ్యూటీయే.