పెరటి సేద్యమునకు చట్టపు కంచె

సేద్యమనగానే మనకు ఊరి వెలుపలి పొలమును, అరకయు, కాలువయు దోచును. ఇండ్ల నడుమ జరుగు సేద్యమును మనము సేద్యముగా లెక్కింపము. అయినను పెరటిలోని ఆనపపాదు, గోడపై బ్రాకిన చిక్కుడు, నూతిచెంతనున్న గోంగూరమడి ఎన్ని కుటుంబములకు కూరలిచ్చుచున్నవో గృహిణుల నడిగిన దెలియును. ఊరు పట్టణమై, నేల వెల పెరిగినకొలది మొట్టమొదట మాయమగునది ఈ పెరడే. ఇంటి యజమాని పాదు పెట్టవలదనవచ్చును. పట్టణపు అధికారులు ముంగిట కూరమడి అందమునకు భంగమనవచ్చును. అట్టివేళ చట్టము సామాన్యునకు అండగా నిలుచునా? ఇంగ్లండు, అమెరికా దేశముల అనుభవము ఈ ప్రశ్నకు చక్కని సమాధాన మిచ్చుచున్నది.

ఇంగ్లండులో పూర్వము అనేక గ్రామములకు ఉమ్మడి బీళ్లుండెడివి. 18, 19 శతాబ్దములలో భూస్వాములు వానికి కంచెలు వేసి స్వంతము చేసికొనగా, కూలివానికి ఆవును మేపుకొనుటకైనను చోటు లేకపోయెను. ఈ నష్టమునకు స్వల్ప పరిహారముగా 1845 నాటి చట్టము నిరుపేదల తోటలకై కొంత నేలను విడిచిపెట్టు పద్ధతిని జేర్చెను. ఒక్కొక్కరికి పావు ఎకరము మించరాదని నియమము.

1908 నాటి చట్టము మరియొక మెట్టు పైకెక్కినది. ఆరుగురు వోటర్లుగాని, పన్ను చెల్లించువారుగాని తమకు తోటనేల కావలెనని వ్రాసియిచ్చినచో స్థానిక మండలి ఆ విన్నపమును విచారింపక తప్పదు. కోరిక నిజమని తోచినచో మడులు ఏర్పరచి కౌలునకిచ్చుట దాని విధి. ఈ మడులనే అచ్చట అలాట్‌మెంటులందురు. వాడుకలో నున్న మడి సుమారు 250 చదరపు మీటర్లు. అనగా మన లెక్కలో ఆరు సెంట్లకు కొంచెము పైన. 1922 నాటి చట్టము దీనికి నిర్వచనమిచ్చెను. మడి పాతిక సెంట్లు మించరాదు; సాగుచేయువాడు తానును తన కుటుంబమును తినుటకే కూరలనో పండ్లనో ముఖ్యముగా పండింపవలెను.

ఇచ్చిన నేలను తిరిగి లాగికొన్నచో హక్కునకు విలువ యేమి? కావున 1925 నాటి చట్టము, అలాట్‌మెంటులకై మండలి సంపాదించిన నేలను మంత్రి యనుమతి లేక అమ్మరాదని శాసించెను. 1950 నాటి చట్టము ప్రకారము మడిని ఖాళీ చేయింపవలెనన్న సామాన్యముగా పండ్రెండు నెలల నోటీసు కావలెను. ఆ గడువు ఏప్రిల్ 6కును సెప్టెంబరు 29కిని నడుమ ముగియరాదు. ఏలన అది అచ్చటి పంటకాలము. విత్తినవాడే కోసికొనవలెనను న్యాయమును ఆ తేదీలలో మనము చూడవచ్చును.

అదే చట్టములోని 12వ సెక్షను మరియు ఆసక్తికరమైనది. అద్దె ఒడంబడికలో ఏమి వ్రాసియున్నను, నేల ననుభవించువాడు కోడిపెట్టలను, కుందేళ్లను పెంచుకొనవచ్చును. అయితే అది వ్యాపారము కారాదు. ఆరోగ్యమునకు హాని గాని ఇరుగుపొరుగులకు బాధ గాని కలుగరాదు. తెల్లవారక మునుపే వీధినంతను లేపు పుంజునకు ఆ సెక్షనులో చోటులేదు!

ఈ రక్షణకు హద్దులు లేకపోలేదు. ప్రైవేటు వారి నేలకును, మండలి తాత్కాలికముగా నిచ్చిన నేలకును 1925 నాటి రక్షణ వర్తింపదు. అనేక పట్టణములలో మడికై యేండ్ల తరబడి వేచియుండువారు నేటికిని గలరు.

ఇక చట్టము లేనిచో నేమగునో అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రము చూపినది. మయామీ షోర్స్ అను చిన్న పట్టణములో ఒక దంపతులు పదునేడేండ్లు తమ ఇంటి ముంగిట కూరగాయలు పండించుకొనిరి. 2013లో ఆ పట్టణము ముంగిట కూరతోటలు కూడవని నిబంధన చేసెను. పూలు పెంచవచ్చును, పండ్లచెట్లు పెంచవచ్చును, కూరమొక్క మాత్రము దోషము! దినమునకు 50 డాలర్ల జరిమానా పడునని తెలిసి వారు తోటను పెరికివేసి న్యాయస్థానము నాశ్రయించిరి. 2016లో ఓడిరి, 2017లో అప్పీలులోను ఓడిరి. కూరతోటను కాపాడు చట్టము ఆనాడు వారికి లేదు. తుదకు రాష్ట్ర శాసనసభయే 2019లో చట్టము చేసి, నివాసస్థలములలోని కూరతోటలను స్థానిక సంస్థలు నిషేధింపరాదనెను. కరవునాటి నీటి వాడుక, ఎరువులు మొదలగువానిని గూర్చిన సామాన్య నియమములు మాత్రము వానికిని వర్తించును.

దీనివలన మనము గ్రహింపవలసిన దేమన, ఒకరి దయవలన సాగు తోట ఆ దయ యున్నంతవరకే సాగును; చట్టములో వ్రాయబడిన తోట నిలుచును. ఆ వ్రాతలో నేల కొలతయు, పంట ప్రయోజనమును, పొరుగువాని సుఖమును మూడును చేరినప్పుడే అది న్యాయమగును.

మన దేశములో వ్యవసాయమును, స్థానిక పరిపాలనయు రాజ్యాంగము ననుసరించి రాష్ట్రముల జాబితాలోనివి. కనుక సరిహద్దున కావల చెల్లు నియమము ఈవల చెల్లకపోవచ్చును. ఆంధ్రదేశమునందలి బంధువులు చెప్పిన మాటపై మనము పెరటిలో పశువులపాక వేయరాదు. మన పట్టణ కార్యాలయములోనే విచారింపవలెను. అద్దె ఇల్లయినచో పెరటిని గూర్చిన షరతును పత్రములో వ్రాయించుకొనుట మేలు.

విద్యార్థులారా! అట్టి పత్రములును నోటీసులును పెక్కుమార్లు రాష్ట్రభాషలో నుండును. మీరు బడిలో ఆ భాషను కూడ నేర్చుచున్నారు గదా! ఇంటిలోని పెద్దలకు వానిని చదివి తెలుగున అర్థము చెప్పుడు. సంతకము చేయుటకు ముందు చదివిన ఒక్క పంక్తి, ఒక్కొక్కప్పుడు పెరటి నంతను కాపాడును.