లారీ వెనుక బంపరు

లారీ వెనుక బంపరును పలువురు అలంకారంగా భావిస్తారు. అది పొరపాటు. లారీ అడుగుభాగం ఎత్తు. కారు ముందుభాగం పల్లం. నడుమ అడ్డు లేనిచో, వెనుకనుండి వచ్చి ఢీకొన్న కారు లారీ కిందికి చొచ్చుకొనిపోతుంది. అప్పుడు లారీ అంచు సరాసరి అద్దాన్ని, దాని వెనుక కూర్చున్నవారిని తాకుతుంది. దెబ్బను తనలో ఇముడ్చుకోవలసిన కారు ముందుభాగానికి ఆ అవకాశమే దక్కదు. 1967లో అమెరికాలో నటి జేన్ మాన్స్‌ఫీల్డ్ ఇట్లే మరణించింది. అక్కడ ఈ అడ్డదండానికి ఆమె పేరే వాడుకలో నిలిచింది.

మన దేశపు ప్రమాణం ప్రకారం ఖాళీ లారీకి బంపరు అడుగు అంచు నేలకు 550 మిల్లీమీటర్లకు మించిన ఎత్తున ఉండరాదు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల బాడీ కట్టే పనివారు ఉక్కు ఛానల్‌ను కొలతకు కోసి, బ్రాకెట్లతో ఛాసిస్‌కు బిగిస్తారు. దండం ఎంత మందమైనా, దానిని మోసే బ్రాకెట్లు బలహీనమైతే అది దెబ్బకు ముడుచుకొనిపోతుంది. తుప్పు, నూనె గీకివేయనిదే వెల్డింగు లోతుగా పట్టదు. పైకి మాత్రం చక్కగానే కనబడుతుంది! దండం కొనలను పదును లేకుండా గుండ్రంగా అరగదీయాలి. లేనిచో ద్విచక్రవాహనదారుకు ఆ రక్షకమే ఆయుధమవుతుంది.