చెక్కు రాసే చేయి, గడప తొక్కే కాలు



దేవుడు వ్యాపారంలో ఆశీర్వదించిన వారు మన సంఘాల్లో ఉన్నారు. మందిర నిర్మాణానికి, అనాథల పోషణకు ధారాళంగా ఇస్తున్నారు. మనం శాలువా కప్పి, శిలాఫలకం మీద పేరు చెక్కి ఊరుకుంటున్నాం. వారిని అడగవలసింది అంతేనా?

చాక్లెట్ల పేరుగా మనకు తెలిసిన క్యాడ్‌బరీ సంస్థను అన్న రిచర్డ్‌తో కలిసి పెంచిన జార్జ్ క్యాడ్‌బరీ (1839–1922) ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ వాసి, క్వేకర్ విశ్వాసి. ఆదివారం ఉదయాన్నే వయోజన పాఠశాలలో కార్మికులకు బైబిలు, చదవడం, రాయడం నేర్పేవారు. దాదాపు యాభై ఏళ్లు ఆ పని విడువలేదు. వారి ఇళ్లకూ వెళ్లేవారు. తాగుడు మానమని బోధించడం సులువే. గాలి, వెలుతురు లేని ఇరుకు గదుల్లో బతుకుతూ మారడం ఎంత కష్టమో గడప దాటి లోపలికి వెళ్లాకే ఆయనకు అర్థమైంది.

అన్నదమ్ములు 1879లో ఫ్యాక్టరీని నగరం వెలుపలికి మార్చారు. జార్జ్ 1893లో దాని దగ్గర 120 ఎకరాలు కొని, 1895 నుంచి తోటలున్న ఇళ్లు కట్టించారు. అవి తన కార్మికులకు మాత్రమే కాదు, బయటివారికి కూడా. 1900లో 330 ఎకరాలను, 313 ఇళ్లను ట్రస్టుకు రాసిచ్చేశారు. బోర్న్‌విల్ అనే ఆ ఊరు, ఆ ట్రస్టు నేటికీ ఉన్నాయి.

ఆ సంస్థ కథలో మరో పుట కూడా ఉంది. వారి కోకో గింజల్లో కొంత ఆఫ్రికా తీరంలోని పోర్చుగీసు దీవి సావో తోమే నుంచి వచ్చేది. అక్కడ కూలీలను బానిసల్లా చూస్తున్నారన్న మాట 1901లోనే వారి చెవిన పడింది. విచారణ జరిపించారు గాని, కొనడం ఆపింది 1909లో. వారం వారం చూసిన పేదవాని కోసం ఊరే కట్టించిన వారు, కంటికి కనబడని కూలివాని విషయంలో ఎనిమిదేళ్లు తటపటాయించారు.

డబ్బు వద్దని మేము అనడం లేదు. మంచి సమరయుడు సత్రపు యజమానికి డబ్బిచ్చాడు. అయితే అంతకు ముందే గాయాలు కట్టాడు.

కమిటీ పెద్దలకు మా మనవి: దాతను వేదిక మీదికి పిలిచే ముందు ఒక బస్తీకి తీసుకువెళ్లండి. సాయంకాలపు ట్యూషన్‌లో పిల్లల మధ్య ఓ గంట కూర్చోబెట్టండి. లెక్కలు తెలిసిన ఆ బుర్ర, పని జరిపించే ఆ నేర్పు పేదలకూ కావాలి.

వ్యాపారం చేసే సహోదరులారా, మీ గోదాములో మూటలు మోసే వ్యక్తి ఇల్లు ఎలా ఉంటుందో చూశారా? మీ సరుకు ఎవరి చెమటతో వస్తోందో అడిగారా? సేవ అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.