చార్జింగ్ బండి మీద కదిరి దాకా

నల్లమాడ దాటి కాస్త దూరం పోగానే రోడ్డుకు అడ్డంగా జీవాల మంద. పెట్రోలు బండి అయితే శబ్దానికే గొర్రెలు పక్కకు జరుగుతాయి. మేం దగ్గరికి వచ్చినా ఒక్కటీ తల ఎత్తలేదు. "హారన్ కొట్టప్పా, బండి వస్తున్నట్టే తెలీలేదు" అన్నాడు కాపరి. చప్పుడు లేకపోవడం హాయిగానే ఉంటుంది కానీ, జీవాలూ పిల్లలూ ముసలివాళ్లూ నడిచే దారిలో ఆ హాయికి జాగ్రత్త తోడు కావాలని అక్కడే అర్థమైంది.

బండి మా మేనల్లుడిది. స్కూటర్ కాదు, బైకే. మా దగ్గర దీన్ని ఎలక్ట్రిక్ అనరు, చార్జింగ్ బండి అంటారు. వాడు కదిరిలో ఒక అంగట్లో పనిచేస్తాడు. ఆరోజు నేను నడిపాను, వాడు వెనక కూర్చున్నాడు. క్లచ్ లేదు, గేరు లేదు. ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ నా ఎడమ కాలు గేరు కోసం వెతుక్కుంటూనే ఉంది. యాక్సిలరేటర్ తిప్పగానే మొదటి అడుగులోనే బలమంతా వస్తుంది. ఇంజన్ వేగం పుంజుకుంటేగాని పూర్తి బలం ఇవ్వదు. మోటారుకు ఆ అవసరం లేదు. మిట్ట ఎక్కేటప్పుడు ఇద్దరి బరువూ దానికి లెక్కలోకి రానట్టే అనిపించింది.

కానీ బరువు బ్యాటరీకి తెలుస్తుంది. దీని బ్యాటరీలో పట్టేది 3 యూనిట్లు, అంటే మన కరెంటు బిల్లులో కనిపించే యూనిట్లే. నూరు శాతంతో బయల్దేరి, కదిరిలో తిరుగుళ్లు కలుపుకుని 64 కిలోమీటర్లు పోయి వచ్చేసరికి 24 శాతం మిగిలింది. ఖర్చయింది దాదాపు రెండుంపావు యూనిట్లు, అంటే యూనిట్‌కు 28 కిలోమీటర్లు. ఈ లెక్కన నిండు చార్జింగు మీద పోయేది 84 కిలోమీటర్లు. కాగితం మీద వందకు పైనే ఉంది. ఇది మోసమని నేను అనను. ఆ అంకె పరీక్షశాలలో, నిర్ణీత బరువుతో, నిర్ణీత వేగంతో తీసింది. ఇద్దరు మనుషులు, ఎదురుగాలి, యాభై దాటిన వేగం ఆ పరీక్షలో ఉండవు. మన బతుకులో రోజూ ఉంటాయి.

డబ్బు లెక్కలో మాత్రం ఈ బండికి ఎదురులేదు. లీటరు పెట్రోలులో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. అందులో నాలుగో వంతు మాత్రమే చక్రానికి చేరుతుంది, మిగిలింది వేడై పోతుంది. మోటారు తీసుకున్న కరెంటులో ఎనభై ఐదు శాతానికి పైగా చక్రానికే ఇస్తుంది. అందుకే లీటరుకు 55 ఇచ్చే బండికి ఆ 64 కిలోమీటర్లకు 128 రూపాయలు అవుతుంది. పెట్రోలు లీటరు 110కి దగ్గర్లో ఉంది మరి. చార్జింగ్‌లో పోయే నష్టం కలుపుకున్నా మాకు పట్టింది 2.6 యూనిట్లు, 12 రూపాయలు. నెలకు ఇరవై సార్లు ఇలా తిరిగితే 52 యూనిట్లు. మామూలుగా 70 యూనిట్లు కాలే ఇంట్లో ఆ అదనంలో ఐదు యూనిట్లు 3 రూపాయల శ్లాబులో, మిగిలినవి నాలుగున్నర శ్లాబులో పడతాయి. సర్దుబాటు చార్జీలు కలిపినా 300 దాటదు. పెట్రోలుకైతే రెండున్నర వేలు.

ఇంత తేడా ఉన్నా మా మండలంలో చార్జింగ్ బైకులు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే ఉన్నాయి. దేశమంతా అదే కథ: అమ్ముడయ్యే కరెంటు బళ్లలో చాలా వరకు స్కూటర్లే. బైకు కొనేవాడు ఎక్కువగా పల్లెవాడు. వాడికి దూరం, బరువు, గుంతల రోడ్డు ముఖ్యం. ట్యాంకు నింపితే ఐదు వందల కిలోమీటర్లు పోయే వంద సీసీ బండిని వదలమంటే ఊరికే వదలడు.

అసలు చిక్కు బ్యాటరీది. బండి ధరలో మూడో వంతుకు పైగా దానిదే. లిథియం బ్యాటరీకి మనిషికి సరిపోయే వాతావరణమే సరిపోతుంది. మే నెలలో అనంతపురం సీమ 42 డిగ్రీలు చూస్తుంది, ఎండలో నిలిపిన బండి లోపల ఇంకా ఎక్కువ. వేడి మీదున్న బ్యాటరీకి వెంటనే చార్జింగ్ పెడితే దాని ఆయుష్షు తరుగుతుంది. మా వాడు ఇంటికి రాగానే బండిని వేపచెట్టు కింద గంటసేపు ఉంచి, చేత్తో తాకి చూసి, అప్పుడు ప్లగ్గు పెట్టాడు. "తొందరపడితే కాదు మామా, ఇది చల్లబడాల" అన్నాడు. ఆ ఓపిక ప్రాణాలకు సంబంధించింది కూడా. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇంట్లోనే బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. ఆ తర్వాతే కేంద్రం బ్యాటరీల భద్రతకు సంబంధించిన ఏఐఎస్-156 ప్రమాణాన్ని కఠినం చేసింది. 2022 డిసెంబరు, 2023 మార్చి గడువులుగా రెండు విడతల్లో అమలైంది. ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీ బరువు ఎక్కువే, కానీ వేడిని బాగా ఓర్చుకుంటుంది, ఎక్కువ ఏళ్లు మన్నుతుంది. మన సీమకు నేను ఓటేసేది దానికే. ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే మాత్రం ఏ బ్యాటరీ అయినా ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సిందే.

పరిశ్రమ మనకు దూరంగా ఏమీ లేదు. హీరో వాళ్ల విడా స్కూటర్ తిరుపతి జిల్లాలో తయారవుతోంది. ఐఐటీ హైదరాబాద్‌లో పుట్టిన ప్యూర్ ఈవీ 2023లో ఎకోడ్రిఫ్ట్ అనే బైకు తెచ్చింది. బ్యాటరీ కర్మాగారానికి అమరరాజా అదే ఏడాది మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో పునాది వేసింది. ఇక కదిరికి అవతల నంబులపూలకుంటలో ఎన్టీపీసీ 2016లోనే 250 మెగావాట్ల సౌరవిద్యుత్తు మొదలుపెట్టింది. ఏ ఎండ మన చేలను మాడ్చిందో ఆ ఎండే అక్కడ కరెంటవుతోంది. అది పుట్టేది పగలు. మన బళ్లు చార్జింగ్‌కు పెట్టేది రాత్రి. మండల ఆఫీసు దగ్గర, బస్టాండులో, మార్కెట్ యార్డులో నీడ పట్టున నాలుగేసి మామూలు ప్లగ్గులు పెడితే ఈ రెండూ కలుస్తాయి. హైవే మీద కోట్లు పెట్టి కట్టే ఫాస్ట్ చార్జర్ల కంటే పల్లెకు ఇదే ముందు కావాలి. దానితోపాటు మండలానికి ఒక్క మెకానిక్‌కైనా ఈ బండి విప్పడం నేర్పాలి. సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే బండిని ఆటోలో ఎక్కించి పట్నం మోసుకుపోయే పరిస్థితి ఉన్నంతకాలం రైతు దీన్ని నమ్మడు.

కొన్నేళ్ల వాడకం తర్వాత బ్యాటరీ ఐదో వంతు శక్తి కోల్పోతుందనుకోండి. మా వాడి 84 కిలోమీటర్లు 67 అవుతాయి. కదిరి పోయి రావడం అంచు మీదికి వస్తుంది. అంగట్లో ప్లగ్గు ఉంది కాబట్టి వాడికి ఫరవాలేదు. మీకు అట్లాంటి చోటు లేకపోతే షోరూం ముందు తిప్పి చూపించే రెండు కిలోమీటర్లను నమ్మి కొనకండి. బండి అడిగి తీసుకోండి, వెనక ఒక మనిషిని ఎక్కించుకోండి, మీరు రోజూ పోయే దారిలో ఎండపూట ఒకసారి పోయి రండి. దిగాక బ్యాటరీలో 35 శాతం మిగిలితే కొనండి. మిగలకపోతే పెద్ద బ్యాటరీ వచ్చేదాకా ఆగండి.