సెమినారులో నోట్సు వ్రాయువాఁడు

మన పాఠశాలయందు బీజగణితము, రేఖాగణితము వేఱువేఱు గంటలలో బోధింపఁబడుచున్నవి. విశ్వవిద్యాలయముల పైతరగతులలో నీ రెండును జతకూడి యొకే శాస్త్రమగును. దానిని ఆల్జీబ్రాయిక్ జామెట్రీ యందురు.

ఒక సరళరేఖ వృత్తమును రెండు బిందువులయందు ఖండించుననుకొనుఁడు. రేఖను కేంద్రమునుండి మెల్లగా దూరము జరుపఁగా నా బిందువులు సమీపించి, తుదకు స్పర్శరేఖయందు ఒకటియగును. కాని సమీకరణమును సాధించి చూడుఁడు: ఒకే మూలము రెండు మాఱులు వచ్చును. కావున నా బిందువును రెండుగా లెక్కింపవలెను. ఇంకను జరిపినచో రేఖ వృత్తమును తాఁకదు. అయినను కల్పితసంఖ్యలను జేర్చుకొన్నచో మూలములు రెండే. కన్ను విడిచినదానిని బీజగణితము విడువదు.

ఇట్టి విషయములను పరిశోధక విద్యార్థులు సెమినారు అను గోష్ఠిలో చర్చింతురు. ఒకరు నల్లబల్లయొద్ద నిలిచి నిరూపణము చెప్పుచుండఁగా తక్కినవారు అడ్డు ప్రశ్నలు వేయుదురు. వక్రము తన్ను తానే ఖండించుకొను బిందువుగుండ రేఖ పోయినచో నా బిందువు నెన్నిగా లెక్కింపవలెను? వక్త “ఇది స్పష్టము” అని దాఁటిపోయిన చోటనే తఱచుగా చిక్కుండును. ఉపన్యాసమును నోట్సుగా వ్రాయువాఁ డా చిక్కును తప్పించుకొనలేఁడు. వినువాఁడు తల యూఁచి యూరకుండవచ్చును. వ్రాయువానికి ప్రతి మెట్టును కావలెను.

ఈ పనిలో ఖ్యాతి గాంచినవారు సి. పి. రామానుజముగారు. (శ్రీనివాస రామానుజనుగారు వేఱు.) వీరు 1938లో మదరాసున జన్మించి, లయోలా కళాశాలలో చదివిరి. అచ్చటి గణితాచార్యులు ఫ్రెంచి జెస్యూటు ఫాదరు చార్లెస్ రసీన్. ఈ యువకునకు స్వతంత్రబుద్ధియు, జిజ్ఞాసయు కలవని ఫాదరుగారు సిఫారసు చేసిరి. 1957లో రామానుజముగారు బొంబాయి టాటా పరిశోధనసంస్థలో చేరిరి.

సోవియటు పండితుఁడు షఫారెవిచ్ అచ్చట తలములను గూర్చి చేసిన యుపన్యాసములకు వీరు వ్రాసిన నోట్సు 1966లో ప్రకటింపఁబడెను. అందు కొన్ని పొరపాట్లను దిద్దుటయే కాక, నోటిమాటగా మాత్రము చెప్పఁబడిన ఫలితములకు నిరూపణములను గూడ చేర్చిరి. షఫారెవిచ్‌గారే దానిని కృతజ్ఞతతో ఒప్పుకొనిరి. తన యుపన్యాసమును శ్రోత సవరించినాఁడని చెప్పుట పండితునకు సులభము కాదు.

పిమ్మట 1967–68లో డేవిడ్ మమ్‌ఫర్డుగారు ఆబేలియన్ వెరైటీలను గూర్చి యుపన్యసించిరి. ఇవి బిందువులను సంఖ్యలవలె నొకదానితో నొకటి కూడఁదగిన యాకృతులు. ఆ నోట్సును వ్రాసినవారును రామానుజముగారే. గ్రంథము 1970లో వెలువడెను. తరువాతి కూర్పులో వారు వ్రాసిన యనుబంధము కూడ కలదు.

రామానుజముగారు 1974లో, 36వ యేట, మరణించిరి. 1978లో వెలువడిన స్మారకసంపుటమునకు మమ్‌ఫర్డుగారు వ్రాసిన వ్యాసము పేరు, తెనుఁగున చెప్పవలెనన్న, “సి. పి. రామానుజముగారి కృషికి కొన్ని అధస్సూచికలు.”